మెట్ట తామర

మెట్ట తామర (కానా ఇండికా) నిలువెత్తు పెరిగే బహువార్షిక అలంకరణ మొక్క. పేరులో ఇండికా ఉన్నప్పటికీ దీని జన్మస్థానం అమెరికా ఉష్ణ ప్రాంతాలు. రేకులని అందరూ అనుకొనేవి నిజానికి రూపుమారిన కేసరాలు.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల నల్లరేగడి నేల వానాకాలంలో నీటిని పట్టి ఉంచి, ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది. నీరు నిలిస్తే గులాబీ వంటి మొక్కల వేర్లు కుళ్ళిపోతాయి. మెట్ట తామర తడినేలను సహిస్తుంది కనుక పెరటిలోని పల్లపు చోటికి ఇదే తగినది. అయితే ఎండ బాగా తగలాలి, నీడలో ఆకులే తప్ప పూలు రావు. పశువుల ఎరువు కలిపిన గుంటలో, ఒకటి రెండు మొలకకళ్ళున్న దుంపముక్కను బెత్తెడు లోతున నాటాలి. వేసవిలో నెర్రెలు పడకుండా నీరు పెట్టి, మొదట్లో ఎండుటాకులు కప్పాలి. పూత ముగిసిన కాడను అడుగంటా కోస్తే పిలకలు బలపడతాయి. గింజలు తుపాకి గుండ్లంత గట్టివి, పైపొరను ఆకురాయితో అరగదీసి నానబెట్టనిదే త్వరగా మొలవవు. కొన్నేళ్ళకు దుబ్బు ఇరుకై పూలు తగ్గుతాయి. అప్పుడు తవ్వి, విడదీసి నాటుకోవాలి.