దువాతో పాటు దవా

జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వెళ్తాం. చెయ్యి విరిగితే కట్టు కట్టిస్తాం. చక్కెర వ్యాధి అని తేలితే బతికినంతకాలం మాత్రలు మింగుతాం. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదని అందరికీ తెలుసు. కాని అదే ఇంట్లో ఒక యువకుడు రాత్రంతా నిద్రపోకుండా తనలో తాను మాట్లాడుకుంటూ ఉంటే, ఒక బాలింత తన బిడ్డను ఎత్తుకోవడానికే భయపడుతూ ఉంటే మాత్రం తలుపులు మూసుకుంటాం. 'సాయా పడింది', 'హవా తగిలింది', 'ఎవరో చేయించారు' అని గుసగుసలాడుకుంటాం. ఇరుగుపొరుగు వాళ్లయితే 'ఎర్రగడ్డ కేసు' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాటకు భయపడే ఎన్నో కుటుంబాలు ఏళ్ల తరబడి రోగిని దాచిపెడుతున్నాయి.

పిల్లలకు పాఠాలు చెప్పుకునే మాకు వాళ్ల ఇళ్ల సంగతులు కొన్నయినా తెలుస్తూ ఉంటాయి. నిజామాబాదులోనూ, బోధన్ పరిసరాలలోనూ ఈ బాధ ఎంత లోతుగా ఉందో చూస్తున్నాం. అందుకే ఈ విషయాన్ని దాపరికం లేకుండా నలుగురిలో పెట్టదలిచాం.

ఇది కూడా జబ్బే

బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. పద్దెనిమిదేళ్లు పైబడిన వారిలో నూటికి పది మందికి పైగా (10.6 శాతం) ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని అందులో తేలింది. అంతకంటే విచారకరమైన విషయం మరొకటి. జబ్బు రకాన్ని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. అంటే మన వీధిలో రోగులు ఉన్నారు, మన వరుసలో నిలబడి నమాజు చేసేవారిలోనూ ఉన్నారు. ఆ సంగతి మనకు తెలియదు, చాలాసార్లు వారికీ తెలియదు.

ఈ జబ్బులన్నీ ఒకే రకం కావు. కుంగుబాటులో మనిషికి దేనిమీదా ఆసక్తి ఉండదు. నిద్ర, ఆకలి చెడతాయి, 'నేను ఎందుకూ పనికిరాను' అనిపిస్తుంది. ఈ స్థితి రెండు వారాలకు మించి విడవకుండా ఉంటే అది మామూలు దిగులు కాదు. ఆందోళన జబ్బులో కారణం లేకుండానే గుండె దడదడలాడుతుంది, ఊపిరి ఆడనట్లు ఉంటుంది. బైపోలార్ అనే జబ్బులో కొన్నాళ్లు అంతులేని హుషారు, దుబారా ఖర్చు, నిద్రలేమి. మరికొన్నాళ్లు లేవలేనంత నీరసం. స్కిజోఫ్రీనియాలో ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి, అయినవాళ్లే విషం పెడుతున్నారని అనుమానం కలుగుతుంది.

మన ఇళ్లలో తరచుగా పొరబడే జబ్బు ఇంకొకటి ఉంది. ఒక మనిషి ఒక్క వుజూకే అరగంట గడుపుతాడు. కడిగిన చెయ్యి మళ్లీ కడుగుతాడు. నమాజులో తక్బీర్ సరిగా చెప్పానో లేదోనని మళ్లీ మళ్లీ మొదలుపెడతాడు. చూసేవాళ్లు 'ఎంత పరహేజ్‌గా ఉంటాడో' అని మెచ్చుకుంటారు. లోపల అతను నలిగిపోతూ ఉంటాడు. దీన్ని మన పెద్దలు వస్వసా అన్నారు. నేటి వైద్యులు ఓసీడీ అంటారు. ఇది భక్తి ఎక్కువై వచ్చింది కాదు, ఈమాన్ తక్కువై వచ్చింది కాదు. మందులతోనూ, శిక్షణ పొందినవారు చేయించే సాధనతోనూ తగ్గే జబ్బు.

కాన్పు తర్వాత చిల్లా నలభై రోజులలో కొందరు తల్లులకు వచ్చే మార్పులు కూడా ఇటువంటివే. ఊరికే ఏడవడం, బిడ్డ మీద మనసు నిలవకపోవడం, ఉన్నట్టుండి అర్థం లేని మాటలు మాట్లాడడం కనిపిస్తే 'అసర్' అని గదిలో పెట్టి పొగ వేయడం కాదు చేయవలసింది. ఆ మాటలు తేడాగా ఉన్న రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆలస్యమైతే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం.

చక్కెర సీమలో చేదు

మనసు జబ్బుకు ఒకే కారణం ఉండదు. కొంత పుట్టుకతో వస్తుంది, కొంత మెదడులో జరిగే మార్పుల వల్ల వస్తుంది, కొంత బతుకు పెట్టే బాధ వల్ల వస్తుంది. మన ప్రాంతంలో ఆ బతుకు బాధకు కొదవ లేదు.

బోధన్ షక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఏర్పడింది. నిజాంసాగర్ నీళ్లు, చెరుకు తోటలు, కార్ఖానా కూత, వీటి చుట్టూనే తరాల జీవితం నడిచింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. రావలసిన జీతాల కోసం కార్మికులు ఏళ్ల తరబడి తిరిగారు. షిఫ్టు సైరనుకు లేచి టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిన మనిషి, ఒకనాటి నుంచి వాకిట్లో కూర్చుని గోడవంక చూస్తూ ఉండిపోతే అతనికి పోయింది జీతం ఒక్కటే కాదు. నలుగురిలో తనకున్న చోటు కూడా పోయింది. అటువంటి మనిషి మౌనాన్ని ఇంట్లోవాళ్లు చాలాకాలం 'కోపం' అనే అనుకుంటారు.

ఇక గల్ఫ్ సంగతి చెప్పనక్కరలేదు. దుబాయి, సౌదీ పోయినవాడు అక్కడ ఒంటరి, ఇక్కడ భార్య ఒంటరి. అప్పు తీరకముందే వీసా రద్దయి తిరిగి వచ్చినవాడు ముఖం చూపించడానికి సిగ్గుపడతాడు. బీడీల చాట ముందు తెల్లవారి నుంచి రాత్రి దాకా వంగి కూర్చునే మన అమ్మలు, అక్కచెల్లెళ్లు తలనొప్పి, నడుమునొప్పి, గుండెదడ అని డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. పరీక్షల్లో ఏమీ కనిపించదు. మనసు చెప్పుకోలేని బాధను ఒక్కోసారి ఒళ్లు చెబుతుంది. 'నీకేమీ లేదు, నటిస్తున్నావు' అంటే ఆమె బాధ రెట్టింపవుతుంది.

నిద్ర కొనుక్కునే దారులు

నిద్ర పట్టనివాడు నిద్రను ఎక్కడో ఒకచోట వెతుక్కుంటాడు. మన జిల్లాలో అది సీసాలో దొరుకుతుంది. చెట్టు కల్లు చాలని చోట డయాజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలిపిన కల్లు అమ్మడం ఇక్కడ పాత జబ్బు. 2015 సెప్టెంబరులో ఆ కల్తీ మీద దాడులు జరిగి సరఫరా తగ్గినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం వరుసకట్టారు. కొందరికి ఫిట్స్ వచ్చాయి. కొందరు పిచ్చిగా ప్రవర్తించారు. అది కల్లు తాగినందుకు వచ్చిన బాధ కాదు, అందులోని మందు ఒక్కసారిగా ఆగినందుకు వచ్చిన బాధ. రోజూ ఆ మందుకు అలవాటు పడిన నరాలు అది అందకపోతే అదుపు తప్పుతాయి.

మత్తు హరాం అని మనకు తెలుసు. అయినా మన ఇళ్లలో ఈ బాధ లేదని ఎవరూ గుండె మీద చెయ్యి వేసి చెప్పలేరు. కల్లు ముట్టనివారిలోనూ మెడికల్ షాపులో చీటీ లేకుండా నిద్ర బిళ్ల కొనుక్కుని ఏళ్లుగా మింగుతున్నవారు ఉన్నారు. అందులో ఉండేదీ చాలాసార్లు ఆ ఆల్ప్రాజోలమే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తౌబా ఒక్క క్షణంలో చేయవచ్చు, చేయాలి. కాని ఒళ్లు ఆ మందును వదలడానికి వారాలు పడుతుంది. రంజాన్ చంద్రుడు కనిపించాడని, ఇంట్లోవాళ్లు ఖసం వేయించుకున్నారని ఒకే రోజు మానేసి గదిలో పడి ఉంటే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మానాలనుకున్నవాడు ముందు డాక్టరుకు చెప్పాలి. ఆయన మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మాన్పిస్తారు. అలా మానడం తౌబాకు తక్కువ కాదు, తౌబాను నిలబెట్టుకునే దారి.

మన పెద్దలు ఏం చేశారు?

మనసు జబ్బుకు వైద్యం చేయించడం ఈమాన్‌కు విరుద్ధమేమో అని కొందరు సంకోచిస్తారు. అల్లాహ్ ప్రతి రోగానికీ మందును సృష్టించాడనీ, చికిత్స చేయించుకోమనీ దైవప్రవక్త (స) బోధించారు. ఒంటి రోగానికి ఒక న్యాయం, మనసు రోగానికి ఒక న్యాయం అని అందులో లేదు. మతి స్థిమితం లేనివాడు కోలుకునేంత వరకు అతని కర్మల పద్దు రాసే కలం ఆగి ఉంటుందన్న బోధ మదర్సాలో మొదటి తరగతుల పిల్లలకు కూడా తెలుసు. ధర్మం అతన్ని దోషిగా చూడలేదు, రోగిగానే చూసింది.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. అబూ జైద్ బల్ఖీ అనే పండితుడు క్రీ.శ. 934లో మరణించాడు. ఒంటి ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో పక్కపక్కన పెట్టి చర్చించాడు. కోపం, భయం, దుఃఖం, వస్వసా ఒక్కొక్కదాన్నీ విడివిడిగా వివరించాడు. దుఃఖం రెండు రకాలన్నాడు. ఒకటి కారణం తెలిసినది, రెండోది కారణం కనిపించకుండా ఒంట్లోని మార్పు వల్ల వచ్చేది. 'అన్నీ ఉన్నాయి కదా, ఇంకా ఏడుపెందుకు?' అని ఈనాటికీ అడిగేవారికి వెయ్యేళ్ల కిందటే జవాబు చెప్పాడు. 1154లో డమాస్కస్‌లో నూరుద్దీన్ కట్టించిన బీమారిస్తాన్, 1284లో కైరోలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన బీమారిస్తాన్ పేరుమోసిన ఆసుపత్రులు. కైరో ఆసుపత్రిలో మనసు రోగులకు ప్రత్యేకంగా చోటు ఉండేది.

గొలుసు కాదు, చికిత్స

ఆ వారసత్వం ఉన్న మనం ఎక్కడికి వచ్చామో ఒక సంఘటన చెబుతుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు వచ్చే మనసు రోగులను ఉంచే ఒక ప్రైవేటు గృహంలో తెల్లవారుజామున నిప్పంటుకుంది. రోగులు గొలుసులతో కట్టి ఉన్నారు. 28 మంది పారిపోలేక కాలిపోయారు. వాళ్లను అక్కడ వదిలిన బంధువులందరూ చెడ్డవారు కాదు. చాలామందికి మరో దారి తెలియదు.

మరో దారి ఉందని గుజరాత్ చూపించింది. మెహసాణా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గాకు మనసు రోగులు పెద్ద సంఖ్యలో వస్తారు. 2008 నుంచి అక్కడ 'దవా-దువా' పేరుతో దర్గా ఆవరణలోనే వైద్యులు కూర్చుని చూసే ఏర్పాటు జరిగింది. ముజావర్లే రోగిని డాక్టరు గదికి పంపించేవారు. దువా ఆగలేదు, దవా మొదలైంది. మన వర్ని దగ్గరి బడా పహాడ్‌కు వెళ్లేవారు వెళ్లవచ్చు. దువా చేయించుకునేవారు చేయించుకోవచ్చు. కాని 'బిళ్లలు మానేస్తేనే నా తావీజు పని చేస్తుంది' అనే ఆమిల్ మాట మాత్రం వినకూడదు. అది దువా కాదు, వ్యాపారం.

ఇంటివాళ్లు చేయవలసినవి

మొదటిది, ఆలస్యం చేయకపోవడం. స్కిజోఫ్రీనియా వంటి జబ్బులు చాలావరకు యవ్వనంలోనే మొదలవుతాయి. ఎంత త్వరగా మందు పడితే అంత మేలు. 'నికాహ్ చేస్తే కుదురుకుంటాడు' అని జబ్బు దాచి పెళ్లి చేయడం మందు కాదు. ఎవరి బిడ్డకో చేసే అన్యాయం అది.

రెండవది, ఓపిక. కుంగుబాటు మందులు పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి 'గుణం లేదు' అని పారేయరాదు. తగ్గిందని మనంతట మనం మానేయరాదు. బాగైన తర్వాత కూడా కొన్ని నెలలు వాడవలసి ఉంటుంది.

మూడవది, రోజా విషయం. రోగికి ధర్మం సడలింపు ఇచ్చింది. రంజాన్‌కు ముందే డాక్టరును అడిగి మందు వేళలు సహ్రీ, ఇఫ్తార్‌లకు మార్చుకోవచ్చేమో తెలుసుకోవాలి. లిథియం వాడేవారు మరీ జాగ్రత్త. పగలంతా నీళ్లు తాగకపోతే రక్తంలో ఆ మందు పెరిగి విషమించవచ్చు.

నాలుగవది, చట్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులోకి వచ్చింది. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టరాదు. మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయరాదు. ఒంటి రోగాలకు ఇచ్చే బీమాను మనసు రోగాలకూ ఇవ్వాలి.

అయిదవది, చెవి ఒగ్గడం. 'చచ్చిపోతే బాగుండు' అన్నవారిని 'కుఫ్ర్ మాటలు మాట్లాడకు' అని గద్దిస్తే నోరు మూసుకుంటారు, బాధ మాత్రం పోదు. పక్కన కూర్చుని విషయం అడగాలి. ఒంటరిగా వదలకూడదు. పురుగుల మందు, నిద్ర బిళ్లలు చేతికి అందకుండా తీసి ఉంచాలి. అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి. టెలిమానస్ అనే ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. 14416కు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పేరు బయటపడుతుందనే భయం లేదు. నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రిలోనూ మానసిక వైద్యులను కలవవచ్చు.

ఇమాములకూ, ముతవల్లీలకూ మా మనవి ఒకటే. జుమా రోజున రోగుల కోసం దువా చేసేటప్పుడు మనసు రోగుల పేరు కూడా ఎత్తండి. మింబర్ మీద నుంచి ఆ ఒక్క మాట వినిపిస్తే చాలు, ఎన్నో ఇళ్లలో మూసిన తలుపులు తెరుచుకుంటాయి. జబ్బుపడ్డవాడిని పరామర్శించడం మన మీద ఉన్న హక్కు. ఆ హక్కు వాకిట్లో గోడవంక చూస్తూ కూర్చున్నవాడికీ ఉంది.