జంట సిలిండర్ల సమగమనం: పోలవరం గేట్లు
అచ్యుతాపురం వంటి పారిశ్రామిక కేంద్రాలున్న విశాఖ ప్రాంతానికి గోదావరి జలాలు అందించడం పోలవరం ప్రాజెక్టు లక్ష్యాల్లో ఒకటి. ఆ ప్రాజెక్టు స్పిల్‌వేలోని 48 రేడియల్ గేట్లను 96 హైడ్రాలిక్ సిలిండర్లు ఎత్తుతాయి. అంటే గేటుకు రెండు, ఇరుపక్కలా ఒక్కొక్కటి.

రెండు సిలిండర్ల బలం దానంతటదే కలుస్తుంది. చలనం మాత్రం కలవదు. ఒకే పంపు నుంచి వచ్చే నూనె నిరోధం తక్కువగా ఉన్న వైపుకే ముందుగా ప్రవహిస్తుంది. ఒక పక్క రాపిడి కాస్త పెరిగితే చాలు, రెండో పక్క ముందుకు సాగి గేటు ఓరగా బిగుసుకుంటుంది. అప్పుడు పీడనం పెంచడం మరింత ప్రమాదం. అందుకే ఇటువంటి అమరికల్లో ఒక్కొక్క సిలిండరు కదిలిన దూరాన్ని విడిగా కొలిచి, ముందున్నదానికి నూనె తగ్గిస్తారు. వెనుకబడినదాన్ని తొందరపెట్టడం అన్నిసార్లూ కుదరదు. అది అప్పటికే తన శక్తిమేరకు పనిచేస్తూ ఉండవచ్చు. తేడా హద్దు దాటితే గేటును ఆపివేయడమే క్షేమం.