ఆరు వారాల జాగ్రత్త ఆరు వారాలకే



గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకొని ఇంటికి వచ్చినవారు మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆపరేషన్ కర్నూలులోనో, తిరుపతిలోనో, హైదరాబాదులోనో, వెల్లూరులోనో జరుగుతుంది. కుట్లు చూపించుకోవడానికి, బి.పి. చూపించుకోవడానికి, సందేహాలు అడగడానికి మాత్రం మా దగ్గరకే వస్తారు. అందుకే ఈసారి ఈ సంగతి వ్రాస్తున్నాము. వ్రాయాలనిపించడానికి కారణం ఒక పెద్దాయన.

ఆయన ఆళ్లగడ్డ శిల్పి. తరతరాలుగా రాతి విగ్రహాలు చెక్కే ఇంటివారు. ఆయన గుండె నిమిషానికి 35 సార్లు మాత్రమే కొట్టుకోవడం వల్ల రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయారు. పెద్ద ఆసుపత్రిలో ఎడమ వైపు మెడ ఎముక కింద పేస్‌మేకర్ పెట్టి పంపారు. పది రోజులకు కుట్లు చూపించుకోవడానికి మా వద్దకు వచ్చినప్పుడు మేము చెప్పినవి మూడే మాటలు: చెయ్యి ఎత్తవద్దు, బరువు మోయవద్దు, ఉలి ముట్టుకోవద్దు.

మూడు నెలలకు ఆయన మళ్లీ వచ్చారు. ఎడమ చెయ్యిని తువ్వాలుతో మెడకు కట్టుకొని ఉన్నారు. "చెయ్యి పైకెత్తండి నాయనా" అంటే భుజం దాకా కూడా రాలేదు.

"మీరే కదమ్మా ఎత్తొద్దంటిరి. ఎత్తితే తీగ తెగుతాదని మా ఇంట్లోవాళ్లు నీళ్ల చెంబు కూడా పట్టుకోనీలేదు" అన్నారు.

పరికరాన్ని పరీక్ష చేయిస్తే చక్కగా పనిచేస్తున్నది. గుండె బాగుంది, భుజమే బిగుసుకుపోయింది. తప్పు ఆయనది కాదు, ఇంటివారిదీ కాదు, మాది. "వద్దు" అని చెప్పాము గాని "ఎన్నాళ్లు" అని చెప్పలేదు. ఆ భుజం తిరిగి కదలడానికి కొన్ని నెలల వ్యాయామం పట్టింది. పేస్‌మేకర్ ఉన్నందున కరెంటుతో వేడి పెట్టే డయాథెర్మీ చికిత్స కూడా చేయకూడదు. రోజూ గోడకు వేళ్లు ఆనించి అంగుళం అంగుళం పైకి ప్రాకించడమే మార్గమైంది.

అప్పటినుండి మేము పేస్‌మేకర్ వారికి చెప్పేటప్పుడు కాగితంపై రెండు భాగాలు చేస్తున్నాము. ఒకటి కొన్నాళ్ల జాగ్రత్తలు, రెండవది ఎప్పటికీ ఉండవలసిన జాగ్రత్తలు. వాటినే ఇక్కడ వివరిస్తున్నాము.

పేస్‌మేకర్ ఏమి చేస్తుంది?

గుండె కొట్టుకోవడానికి దానిలోనే చిన్న విద్యుత్ ప్రేరణ పుడుతుంది. ఆ ప్రేరణ ఆలస్యమైనా, దారిలో ఆగిపోయినా గుండె మందగించి, తల తిరగడం, ఆయాసం, స్పృహ తప్పడం కలుగుతాయి. పేస్‌మేకర్ గుండెను కనిపెట్టి చూస్తూ, అవసరమైనప్పుడు ఆ ప్రేరణ ఇస్తుంది. అది టైటానియం లోహపు చిన్న డబ్బీ, లోపల బ్యాటరీ ఉంటుంది. బరువు సుమారు 20 నుండి 30 గ్రాములు. దాని నుండి ఒకటి, రెండు లేక మూడు సన్నని తీగలు రక్తనాళం ద్వారా గుండెకు వెళ్తాయి.

చాలామంది దీనిని స్టెంట్ అనుకుంటారు. స్టెంట్ పూడిపోయిన రక్తనాళాన్ని తెరచి ఉంచే జాలీ గొట్టం. పేస్‌మేకర్ గుండె లయను కాపాడేది. ఇది బి.పి.ని గాని, షుగరును గాని, రక్తనాళాల పూడికను గాని నయం చేయదు. కాబట్టి "మిషన్ పెట్టించుకున్నాము గదా" అని మందులు మానరాదు.

మొదటి ఆరు వారాలు

కొత్తగా పెట్టిన తీగ కొన గుండె గోడకు గట్టిగా అతుక్కోవడానికి సమయం కావాలి. ఈలోపు చెయ్యి విసురుగా పైకెత్తితే తీగ చోటు తప్పవచ్చు. అందుకే సాధారణంగా 4 నుండి 6 వారాలు ఈ జాగ్రత్తలు చెప్తారు. మీ గడువు ఎంతో మీ డాక్టరును అడిగి, తేదీ వేయించుకోండి.

• పరికరం ఉన్న వైపు మోచేతిని భుజం కంటే పైకి ఎత్తరాదు. అమ్మలు జడ వేసుకోవడం, దండెం మీద బట్టలు ఆరవేయడం ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి.
• ఆ చేతితో నీళ్ల బిందె, బియ్యం మూట, చంటిబిడ్డ వంటి బరువులు ఎత్తరాదు. బోరింగు కొట్టరాదు.
• కాని చెయ్యిని కట్టివేయరాదు. అన్నం కలుపుకోవడం, బొత్తాలు పెట్టుకోవడం, భుజం కంటే దిగువన చెయ్యి నెమ్మదిగా ఆడించడం మొదటి రోజులనుండే మంచిది.
• డాక్టరు చెప్పేదాకా కుట్లు తడపరాదు. పసుపు, ఆకు పసరు, నూనె వేయరాదు, కాపడం పెట్టరాదు.
• చర్మం కింద డబ్బీ తగులుతుంటే దానిని వేళ్లతో నొక్కడం, తిప్పడం చేయరాదు. అలా తిప్పుతూ ఉంటే తీగ చుట్టుకొని లాగబడుతుంది.
• డాక్టరు అనుమతి లేకుండా మోటారు సైకిలు, ట్రాక్టరు నడపరాదు.

కుట్ల వద్ద ఎర్రబడడం, వాపు, చీము, జ్వరం, తిరిగి తల తిరగడం, స్పృహ తప్పడం, ఆగని ఎక్కిళ్లు - వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి. ఎక్కిళ్లు కూడానా అని నవ్వవద్దు. పరికరపు ప్రేరణ శ్వాస కండరానికి తగిలినప్పుడు అలా వస్తాయి.

గడువు ముగిసిన తరువాత

గడువు తేదీ దాటి, డాక్టరు పరీక్షించి సరే అన్న తరువాత చెయ్యి మీదే. కొద్ది కొద్దిగా పని పెంచుకోండి. నడక, ఇంటిపని, పొలంపని, ప్రయాణం, భార్యాభర్తల జీవితం, వీటికి పేస్‌మేకర్ అడ్డు కాదు. క్రిస్మస్ క్యారల్స్‌కు అందరితో కలిసి నడిచి వెళ్లవచ్చు. టీవీ, ఫ్రిజ్, ఫ్యాను, రేడియో బాగుగా ఉన్నంతవరకు భయం లేదు. మిక్సీ, గ్రైండరు కూడా వాడుకోవచ్చు, నడుస్తున్న మోటారును మాత్రం రొమ్ముకు ఆనించుకోరాదు.

మా శిల్పి పెద్దాయన కుడిచేత సుత్తి, ఎడమచేత ఉలి పట్టేవారు. డాక్టరు అనుమతితో మొదట చిన్న విగ్రహాల నగిషీ పని మొదలుపెట్టారు. రాయి కోసే కరెంటు గ్రైండరును రొమ్ముకు ఆనించక, చేయి చాచి కనీసం జానెడు దూరంలో పట్టుకొమ్మని, వైరు, ఎర్తు బాగుగా ఉన్నవే వాడమని చెప్పాము. పెద్ద బండలు దొర్లించే పని కుమారులు చూసుకుంటున్నారు.

ఎప్పటికీ ఉండవలసినవి

• సెల్‌ఫోన్ ఎడమ చొక్కా జేబులో పెట్టరాదు. పరికరానికి కనీసం 15 సెంటీమీటర్లు దూరంగా ఉంచి, అవతలి చెవి వద్ద మాట్లాడండి.
• ఇండక్షన్ పొయ్యికి 60 సెంటీమీటర్లు ఎడంగా నిలబడండి. గ్యాస్ పొయ్యికి ఈ ఇబ్బంది లేదు.
• పెద్ద స్పీకరు పెట్టెలో బలమైన అయస్కాంతం ఉంటుంది. దానిని రొమ్ముకు ఆనించి మోయరాదు. అయస్కాంత పరుపులు, బెల్టులు కొనరాదు.
• వెల్డింగ్ పని, నడుస్తున్న ఇంజను మీదకు వంగి చేసే మరమ్మతు పని ఉన్నవారు ముందుగా గుండె డాక్టరును అడగాలి.
• మెటల్ డిటెక్టర్ గుమ్మం గుండా ఆగకుండా నడిచిపోండి, ఆనుకొని నిలబడవద్దు. కార్డు చూపించి, చేతి యంత్రాన్ని పరికరం మీద ఆపవద్దని చెప్పండి.
• ఎక్స్‌రే, స్కానింగ్ చేసేవారికి ముందే చెప్పండి. ఎం.ఆర్.ఐ. కొన్ని పరికరాలకు తగిన ఏర్పాట్లతో చేయవచ్చు, కొన్నింటికి కుదరదు. కార్డు చూపించకుండా ఎం.ఆర్.ఐ. గదిలో అడుగు పెట్టరాదు. పన్ను పీకేవారికి, ఆపరేషన్ చేసేవారికి కూడా చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యమైనవి రెండు: కార్డు, పరీక్ష. పెట్టినచోట ఇచ్చిన కార్డు బీరువాలో దాచవలసిన వస్తువు కాదు. మీ వద్ద ఒకటి, జిరాక్స్ తీసి ఇంటిలో ఒకటి ఉంచండి. డాక్టరు చెప్పిన గడువుకు, సాధారణంగా 6 నుండి 12 నెలలకు ఒకసారి, పరికరాన్ని పరీక్ష చేయించాలి. చర్మం పైనుండే చూస్తారు, నొప్పి ఉండదు. బ్యాటరీ చాలామందికి 7 నుండి 12 ఏళ్లు వస్తుంది. అది తగ్గుతున్న సంగతి చాలా నెలల ముందే పరీక్షలో తెలుస్తుంది. ఒంట్లో బాగుందని పరీక్ష మానేసినవారికే ప్రమాదం.

ఖర్చును గూర్చి అడిగేవారికి ఒక మాట. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అని పిలువబడుతున్న పథకంలో పేస్‌మేకర్ ఉన్నది. వివరాలకు ఆసుపత్రిలోని వైద్య మిత్రను అడగండి.

షాక్ ఇచ్చే పరికరం ఉన్నవారికి

ఐ.సి.డి. అనే పరికరం వేరు. గుండె ప్రాణాపాయకరంగా పరుగెత్తినప్పుడు అది లోపలినుండే షాక్ ఇచ్చి లయను సరిచేస్తుంది. దానిని 1980 ఫిబ్రవరిలో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి మనిషికి అమర్చారు. షాక్ వచ్చినప్పుడు రొమ్ము మీద తన్నినట్లుంటుంది. ఒక్క షాక్ వచ్చి వెంటనే మామూలుగా ఉంటే కూర్చొని, అదే రోజు మీ డాక్టరుకు ఫోన్ చేయండి. రెండు షాక్‌లు వచ్చినా, షాక్ తరువాత ఆయాసం, రొమ్ము నొప్పి, మైకం ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఆ సమయంలో మిమ్మల్ని పట్టుకున్నవారికి చిన్న జలదరింపు తగలవచ్చును గాని హాని లేదు. ముట్టుకోవడానికి భయపడి ఎవరూ దూరం జరగవద్దు.

ఇంటివారు మెల్లగా అడిగే ప్రశ్న

"సిస్టరమ్మా, ఇది ఉంటే అవసాన కాలంలో ప్రాణం పోదా?" అని మమ్మల్ని పక్కకు పిలిచి అడుగుతారు. పోవలసిన ప్రాణాన్ని పేస్‌మేకర్ పట్టి ఉంచదు. జీవం లేని గుండె కండరం ప్రేరణకు పలకదు. ఐ.సి.డి. ఉన్నవారికి చివరి రోజుల్లో షాక్‌లు బాధ కలిగించకుండా ఆ భాగాన్ని ఆపివేయవచ్చు. ఈ సంగతి డాక్టరుతో ముందుగా మాట్లాడుకోవడం మంచిది. సమాధి చేసేవారు పరికరాన్ని తీయించనక్కర లేదు. దహనం చేసేవారు మాత్రం తప్పక ముందుగా తీయించాలి, మంటలో బ్యాటరీ పేలుతుంది.

మొదటివాని సంగతి

శరీరం లోపల పేస్‌మేకర్ పెట్టించుకున్న మొదటి మనిషి స్వీడన్ దేశపు ఆర్నె లార్సన్. 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లో ఓకె సెన్నింగ్ అనే డాక్టరు అమర్చారు. పరికరాన్ని చేసినది రూనె ఎల్మ్‌క్విస్ట్. ఆ మొదటి పరికరం కొన్ని గంటలు మాత్రమే పనిచేసింది. లార్సన్ అప్పుడు 43 ఏళ్లవాడు. ఆయనకు జీవితకాలంలో మొత్తం 26 పేస్‌మేకర్లు మార్చారు. పని చేసుకుంటూ 86 ఏళ్లు బ్రతికి, 2001లో చనిపోయాడు. అప్పటికే ఆ డాక్టరు గాని, పరికరాన్ని చేసిన ఆయన గాని లేరు. లార్సన్ పోయినది కూడా గుండె జబ్బుతో కాదు, క్యాన్సర్‌తో.

కాబట్టి పేస్‌మేకర్ ఉన్నవారిని మంచం మీద కూర్చోబెట్టి కాపాడడం ప్రేమ అనుకోవద్దు. ఆ పరికరం పెట్టినది వారు లేచి తిరగడానికే. ఇంటికి వెళ్లే ముందు మీ కాగితం నర్సు చేత తెలుగులో చదివించుకోండి. "వద్దు" అన్న ప్రతి మాటకు "ఎప్పటిదాకా?" అని అడగండి. మేము తేదీ వేసి ఇస్తాము. అడగడానికి మొగమాట పడవద్దు. ఆ ఒక్క ప్రశ్న మేము మరచిపోయినందుకు ఒక శిల్పి చెయ్యి ఎన్నో నెలలు ఉలికి దూరమైంది.

ఈ మధ్య ఆయన పరీక్షకు వచ్చినప్పుడు కార్డు అడగకముందే జేబులోనుండి తీసి ఇచ్చారు. ఫోన్ కుడి జేబులో ఉంది. మేము చెప్పకముందే ఎడమ చెయ్యి చెవి పక్కగా నిటారుగా ఎత్తి, "చూడండమ్మా" అన్నారు.