పట్టిసం తీర్థానికి వేళవుతోంది

పోలవరం: భోగిమంటల బూడిద ఆరకముందే గోదావరి గట్టు ఊళ్ళలో మరో పండుగ మాట మొదలవుతుంది. ఈసారి పట్టిసం ఎవరెవరు వెళ్తున్నారు, ఎవరి బండి మీద వెళ్తున్నారు అన్నదే ఆ మాట. మాఘ బహుళ చతుర్దశి నాడు వచ్చే మహాశివరాత్రికి నది నడుమ దేవకూట పర్వతం మీద కొలువైన వీరభద్రస్వామిని చూసి రావడం ఈ ప్రాంతం వారికి తరతరాల అలవాటు. పుణ్యానికి పుణ్యం, వేడుకకు వేడుక.

పట్టిసీమ పేరు చెబితే నేడు రాష్ట్రమంతటికీ ఎత్తిపోతల పథకం గుర్తుకు వస్తుంది. 2015లో ఆ పంపులు తిరిగి గోదావరి నీరు కృష్ణకు చేరింది. కాని అంతకు ఎంతో ముందునుంచీ ఈ ఊరికి పేరు తెచ్చింది తీర్థమే. టిక్కెట్టు లేని నాటకశాల అది. తలుపులు లేవు, కుర్చీలు లేవు. ఇసుక మీద చాప పరుచుకున్నవాడిదే చోటు.

శివరాత్రితో మొదలయ్యే ఈ వేడుకల కాలం ఉగాది, శ్రీరామనవమి పందిళ్ళు దాటి ఎండాకాలపు అమ్మవారి జాతరల దాకా సాగుతుంది. కోతలు అయి చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులివి. వేషం కట్టేవాడికైనా, డోలు కొట్టేవాడికైనా, హరికథ చెప్పేవారికైనా ఏడాది గ్రాసంలో పెద్ద వంతు ఈ నెలల్లోనే దొరకాలి. పిల్లలు ఆ కళను కళ్ళారా చూసేదీ ఈ నెలల్లోనే. ఈసారి పందిట్లో ఎవరు ఆడతారు, ముందు వరుసలో ఎవరు కూర్చుంటారు అన్నది అందుకే చిన్న విషయం కాదు.

రేవు దాటితే...

కొవ్వూరు వైపు నుంచి వచ్చేవారు తాళ్ళపూడి, గూటాల మీదుగా పట్టిసీమ రేవుకు చేరుతారు. మన్యం వైపు వారు పోలవరం మీదుగా వస్తారు. రేవు నుంచి గుడికి దారి నీటి మీదనే. మాఘంలో నది సన్నబడి ఇసుక తిన్నెలు బయటపడతాయి. కొంత దూరం ఇసుకలో నడక, కొంత దూరం పడవ. ఏ ఏడు ఎంత నడక, ఎంత పడవ అన్నది గోదారమ్మ దయ.

కొండమీద వీరభద్రస్వామి, భద్రకాళి అమ్మవారితో పాటు భావనారాయణస్వామి గుడి కూడా ఉంది. శివుని పండుగకు వచ్చినవారు విష్ణువును కూడా చూసి గాని దిగరు. శివరాత్రి వేడుకలు సాధారణంగా ఐదు రోజులు సాగుతాయి. నదీస్నానం, అభిషేకం, స్వామివారి కల్యాణం, అర్ధరాత్రి లింగోద్భవ కాలపు పూజ వీటిలో ముఖ్యమైనవి.

ముసలివారిని, చంటిపిల్లలను తీసుకువెళ్ళేవారు శివరాత్రి ముందునాడో, మరునాడో వెళ్తే తోపులాట ఉండదు. పడవ నిండాక ఎక్కడానికి తొందరపడరాదు. ఈ నదిలో పడవ ప్రమాదాలు చూసిన ప్రాంతం మనది. తరువాతి పడవకు ఆగినంత మాత్రాన దేవుడు అలగడు.

వీరభద్రుని ముంగిట వీరనాట్యం

ఈ గుడికి, వీరనాట్యానికి ఒకే కథ మూలం. పిలవని దక్షయజ్ఞానికి వెళ్ళి అవమానం పాలైన సతీదేవి ప్రాణం విడిచింది. శివుడు కోపంతో జటను నేలకు కొడితే వీరభద్రుడు పుట్టాడు. యజ్ఞం ధ్వంసం చేసి, దక్షుని తల నరికి, రక్తం అంటిన పట్టిస మనే ఆయుధాన్ని ఇక్కడ గోదావరిలో కడిగాడని స్థలపురాణం చెబుతుంది. పట్టిసం అన్న పేరు ఆ ఆయుధానిదే.

ఒంటినిండా విభూతి, మెడలో రుద్రాక్షలు, చేతిలో కత్తి. వీరనాట్యం ఆడేవారు ఆ వీరభద్రుడినే తమ మీదికి తెచ్చుకుంటారు. డోలు, తాషా, వీరణం ఒక్కసారి మోగితే గుంపు దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. నడుమ నడుమ ఒకరు ఖడ్గం చదువుతారు. దక్షయజ్ఞం కథను గుక్క తిప్పుకోకుండా చదివే ఆ వచనానికి చుట్టూ ఉన్నవారంతా "శరభ శరభ" అని తాళం అందిస్తారు. గోదావరికి ఆవలి ఒడ్డున ద్రాక్షారామ ప్రాంతం ఈ విద్యకు పేరుబడింది. పెళ్ళికి ముందు ఇంట వీరభద్రుని సంబరం చేసే కుటుంబాలు రెండు ఒడ్డులా ఉన్నాయి.

ఇది మైకులో వింటే సగమే. డోలు దెబ్బ రొమ్ముకు తగిలేంత దగ్గరగా నిలబడి చూడాలి. పిల్లవాడిని భుజాన ఎత్తుకుని చూపించవలసిన ఆట ఇది.

తెల్లవార్లూ పద్యం

శివరాత్రి అంటే జాగారం. జాగారం అంటే మన ఊళ్ళలో నాటకం. పోలవరం నుంచి కొవ్వూరు వరకు గట్టు వెంబడి ఊళ్ళలో ఆ రాత్రి ఏదో ఒక చోట హార్మణి మోగకుండా ఉండదు.

పద్యనాటకానికి ఈ గోదావరి జిల్లాలే పెద్ద పుట్టిల్లు. రాయబారం సీనులో కృష్ణుడు పాడే పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రిది భీమవరం దగ్గర యండగండి. చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిది ఆవలి ఒడ్డున కడియం. గయోపాఖ్యానం రాసిన చిలకమర్తి లక్ష్మీనరసింహం పుట్టింది ఖండవల్లిలో. 1890 ప్రాంతంలో రాజమహేంద్రవరంలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ఆ నాటకం ఆడిస్తే, చదువుకుంటున్న కుర్రవాడొకడు అర్జునుడి వేషం కట్టి మెప్పు పొందాడు. ఆ కుర్రవాడు తరువాతి కాలపు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు.

ఇక బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన సత్య హరిశ్చంద్ర సరేసరి. కాటి సీనులో హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు, గుర్రం జాషువావి. శ్మశానంలో రాజు, పేద ఒక్కటే అని జాషువా చెప్పిన మాటను నటులు నాటకంలోకి తెచ్చుకున్నారు, జనం ఇక దాన్ని పోనివ్వలేదు. పుస్తకం చదవని రైతు కూలీలకు కూడా జాషువా పద్యం నోటికి వచ్చిందంటే అది పందిరి పుణ్యమే. ఈ నాటకంలో నక్షత్రకుడి వేషానికి పేరుపొందిన శ్రీకాకుళం జిల్లా నటుడు యడ్ల గోపాలరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది.

నాటకం ఒప్పుకున్న ఊరికి ఖర్చు తక్కువ కాదు. నటులు, హార్మణి, తబలా, తెరలు, దుస్తులు, మైకు సెట్టు, లారీ బాడుగ అన్నీ ఉంటాయి. ఒకే కృష్ణుడు తెల్లవార్లూ పాడలేడు గనుక ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు అంటూ ఇద్దరు ముగ్గురిని పిలిచే వాడుక ఉంది. ఆ ఖర్చుకు వెరచి సినిమా పాటల రికార్డింగ్ డాన్సుకు మొగ్గే ఊళ్ళు ఉన్నాయి. పది ఊళ్ళవారు కలిసి ఒకే బృందాన్ని వరుసగా పది రాత్రులకు మాట్లాడుకుంటే బాడుగ కలిసివస్తుంది, ఆటగాడికీ పది రోజుల పని దొరుకుతుంది.

గజ్జె కట్టిన ఆడపిల్లలు

హరికథ పెట్టించాలనుకునే ఊళ్ళవారు దూరం వెతకనక్కరలేదు. గోదావరికి ఆవలి వైపు కపిలేశ్వరపురంలో 1973లో మొదలైన శ్రీ సర్వరాయ హరికథా పాఠశాల ఉంది. ఒకప్పుడు మగవారి సొత్తుగా ఉన్న ఈ విద్యను ఆడపిల్లలకు అక్కడే ఉంచి, భోజనం పెట్టి నేర్పించింది ఆ బడి. పేద ఇళ్ళ పిల్లలు సంగీతం, నాట్యం, వచనం నేర్చుకుని చిడతలు పట్టి ఊరూరా కథ చెప్పారు. అక్కడ నేర్చిన ఉమామహేశ్వరి సంస్కృతంలో హరికథ చెప్పి పేరు తెచ్చుకున్నారు. 2024లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

ఒక్క మనిషి, ఒక వయొలిన్, ఒక మృదంగం ఉంటే హరికథ నడుస్తుంది. నాటకం పెట్టే తాహతు లేని చిన్న ఊరికి కూడా ఇది అందుతుంది. శివరాత్రికి దక్షయజ్ఞం, మార్కండేయ చరిత్ర, నవమికి సీతా కల్యాణం. కథకు కొదవ లేదు.

కొండ దిగి వచ్చిన డోలు

ఈ ప్రాంతపు పండుగల్లో మరో డోలు ఉంది. అది కోయవారి డోలు. పోలవరం ప్రాజెక్టు కోసం నది వెంబడి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. రామయ్యపేట, పైడిపాక, చేగొండపల్లి, దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది, సింగన్నపల్లి తొలి విడతలో కదిలినవి. ప్రాజెక్టు మొత్తం మీద 373 ఆవాసాల నుంచి 1,06,006 కుటుంబాలు కదలాలని ప్రభుత్వ లెక్క. 2022 జూలైలో భద్రాచలం దగ్గర వరద 71 అడుగులు దాటినప్పుడు ఇళ్ళు మునిగి, కట్టుబట్టలతో మెరకకు చేరినవారు కూడా వారిలో ఎందరో.

ఈ కుటుంబాల్లో కోయలు, కొండరెడ్లు చాలామంది. కొత్త కాలనీల్లో వారికి సిమెంటు ఇళ్ళు, రోడ్లు వచ్చాయి. కాని వారి ఆటకు కావలసింది సిమెంటు కాదు. కొమ్ము నృత్యంలో మగవారు అడవిదున్న కొమ్ముల తలపాగాలు పెట్టుకుని, పెద్ద డోళ్ళు మెడకు తగిలించుకుని కుమ్ములాడినట్టు ఆడతారు. ఆడవారు చేయి చేయి పట్టుకుని చుట్టు కట్టి రేల పాటలు పాడతారు. చెట్టు నీడన విశాలమైన మట్టి నేల ఉంటేనే ఆ చుట్టు సాగుతుంది. విత్తనాలు చల్లే ముందు చేసే భూమి పండుగకు చేను కావాలి, పక్కన అడవి కావాలి. ఇంటి వరుసల మధ్య ఇరుకు వీధిలో ఆ పండుగ ఎలా చెయ్యాలో వారి పెద్దలకూ పాలుపోదు. వారి దేవతల గద్దెలు కొన్ని పాత ఊళ్ళలోనే ఉండిపోయాయి.

ఈ విద్య చిన్నది కాదు. కోయల ఇలవేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మల చరిత్ర డోలు కొడుతూ నోటితో చెప్పిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం. 2024లో ఆయన కన్నుమూశారు. పుస్తకంలో లేని కథ చెప్పేవాడితోనే పోతుంది, పక్కన కూర్చుని విన్న కుర్రవాడు లేకపోతే.

గట్టు ఊళ్ళ తీర్థాల్లో కొమ్ము నృత్యం కనిపించడం కొత్త కాదు. అయితే ఊరేగింపు ముందు నాలుగు అడుగులు వేయించి, ఫొటోలు తీయించి పంపడం ఎక్కువ. వేదిక ఎక్కించి, ఒక పూట పూర్తిగా వారికి ఇచ్చి, ఈ పాట ఏమిటి, ఈ అడుగు ఎందుకు అని వారి పెద్దల చేతనే చెప్పించడం తక్కువ. రెండవది చేసిన ఊరు కొండ నుంచి దిగివచ్చిన ఇరుగుపొరుగును మనవాళ్ళు అన్నట్టు లెక్క.

ముందున్న పండుగలు

శివరాత్రి తరువాత ఫాల్గుణం గడిచి ఉగాది వస్తుంది. పంచాంగ శ్రవణం, కవిసమ్మేళనం ఆనాటి వాడుక. ఆపైన చైత్ర శుద్ధ నవమికి రామాలయాల ముందు తాటాకు పందిళ్ళు లేస్తాయి. కల్యాణం ఒక్క రోజుదైనా పందిరి మాత్రం తొమ్మిది రోజులు ఉంటుంది. ఎండలు ముదిరాక గ్రామదేవతల జాతరలు, తలమీద గరగ ఎత్తి ఆడే గరగ నృత్యాలు మొదలవుతాయి.

ఇవి ఏటా వచ్చేవి. పన్నెండేళ్ళకు వచ్చేది మరొకటి ఉంది. 2015 జూలైలో జరిగిన గోదావరి పుష్కరాలు మళ్ళీ 2027 జూన్ నెలాఖరులో మొదలవుతాయి. అప్పుడు పట్టిసం రేవుకు వచ్చేవారు జిల్లావారే కాదు, దేశం నలుమూలల వారు. పన్నెండు రోజులు, రెండు ఒడ్డులా వేదికలు. బయటినుంచి వచ్చే పెద్ద కచేరీల నడుమ ఈ గట్టు వీరనాట్యానికి, ఈ గట్టు పద్యానికి, ఈ కొండ డోలుకు ఒక పూట దొరకాలంటే ఇప్పటినుంచే ఊళ్ళ పెద్దలు, యువజన సంఘాలవారు కళాకారుల పేర్లు రాసుకుని అధికారులకు అందించడం మంచిది. పుష్కరాలు వచ్చాక అడిగితే వేళ మించిపోతుంది.

అంతకన్నా ముందు శివరాత్రి ఉంది. చాప, దుప్పటి, కాసిని అటుకులు మూట కట్టుకుని, పిల్లలకు మధ్యాహ్నమే ఓ కునుకు తీయిస్తే చాలు. లింగోద్భవం దాకా మేలుకోగలిగిన పిల్లవాడు కాటి సీను దాకా కూడా మేలుకుంటాడు.