నూనె చూసి బంతి!

పది పిన్నులూ ఒక్క దెబ్బకు పడాలంటే భుజబలం ఒక్కటే చాలదు. లేన్ మీద కంటికి ఆనని నూనెను పసిగట్టాలి. మన చేతివాటానికి తగిన బంతి పట్టాలి.

చెల్కలో వేసే విత్తనం రేగడిలో వేయరని కామారెడ్డి, ఎల్లారెడ్డి రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఊళ్ల నుంచి చదువుకో, నౌకరీకో 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని హైదరాబాద్ చేరిన పిల్లలకు మాల్‌లోని బౌలింగ్ వారాంతపు సరదా. డాలస్ దాకా వెళ్లినవాళ్లకైతే అది వారంవారం జట్లుగా ఆడే లీగ్. అమెరికా బౌలింగ్ సమాఖ్య కార్యాలయం, బౌలింగ్ మ్యూజియం ఆ పక్కనున్న ఆర్లింగ్టన్‌లోనే ఉన్నాయి. అయినా కొత్తగా ఆడేవాళ్లు బంతిని రంగు చూసే తీస్తారు. నేలను చూసి విత్తనం ఎంచే తెలివి ఇక్కడా కావాలి.

లేన్ చెప్పే సంగతి

బంతి విసిరేటప్పుడు దాటకూడని గీత నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. మామూలు సెంటర్లలో అందులో సుమారు 40 అడుగుల వరకు నూనె పూస్తారు. నడుమ ఎక్కువ, అంచుల్లో తక్కువ. నూనె మీద బంతి జారుతుంది, పొడి చోటు తగలగానే నేలను పట్టుకుని వంపు తిరుగుతుంది. దీన్నే హుక్ అంటారు. సుమారు 6 డిగ్రీల కోణంలో పిన్నుల్లోకి దూరిన బంతికి స్ట్రైక్, అంటే పది పిన్నులూ ఒక్క దెబ్బకు పడే అవకాశం ఎక్కువ. తిన్నగా వెళ్లే బంతి పిన్నులకు తగిలి తేలిగ్గా పక్కకు తప్పుకుంటుంది.

ఆట సాగేకొద్దీ నూనె చెదిరిపోతుంది. మొదటి గేమ్‌లో చక్కగా తిరిగిన బంతి మూడో గేమ్‌లో ముందే తిరిగేస్తే తప్పు చేతిది కాకపోవచ్చు.

పైపొరే ప్రాణం

సెంటర్లో అందరికీ ఇచ్చే బంతులు ఎక్కువగా ప్లాస్టిక్‌వి. అవి దాదాపు తిన్నగా పోతాయి, అందుకే మూలనున్న ఒంటరి పిన్నును పడగొట్టడానికి పెద్ద ఆటగాళ్లూ ఒకటి వెంట ఉంచుకుంటారు. యురేథేన్ బంతి ముందుగానే, నెమ్మదిగా వంగుతుంది. నూనె తక్కువున్నచోట అది అదుపులో ఉంటుంది. 1990ల తొలినాళ్లలో వచ్చిన రియాక్టివ్ రెజిన్ నూనెను పీల్చుకుంటూ వెళ్లి చివర్లో గట్టిగా తిరుగుతుంది. ఒకే బంతినైనా 500 గ్రిట్ గరుకు ప్యాడ్‌తో రుద్ది గరుకు చేస్తే త్వరగా పట్టు దొరుకుతుంది. మెరుగు పెడితే ఇంకొంత దూరం జారుతుంది. కాబట్టి నూనె దట్టంగా ఉంటే గరుకు బంతి, పలచగా ఉంటే నునుపు బంతి.

మీ చేయి ఎలాంటిది?

వేగం ఎక్కువై తిప్పుడు తక్కువైతే బంతికి వంగే సమయం చాలదు. అలాంటివారికి గరుకైన, గట్టి పట్టున్న రియాక్టివ్ బంతి నప్పుతుంది. తిప్పుడు ఎక్కువై వేగం తక్కువైతే అదే బంతి అతిగా వంగుతుంది. వాళ్లకు మెరుగు పెట్టినదో, యురేథేనో మేలు. ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మోంటే బొటనవేలు దూర్చకుండా రెండు చేతులతో విసిరి బంతిని విపరీతంగా తిప్పుతాడు. అతని చేతిలో అద్భుతంగా ఆడిన బంతి మీ చేతిలోనూ అలాగే ఆడుతుందన్న భరోసా లేదు.

కొనేముందు

నిబంధనల ప్రకారం బంతి బరువు 16 పౌండ్లు, అంటే సుమారు 7.26 కిలోలు దాటకూడదు. అంత బరువు అందరికీ అక్కర్లేదు. వేళ్లు బిగించకుండా, భుజం లాగకుండా ఊపగలిగినదే మీ బరువు. రంధ్రాలు మీ వేళ్ల కొలతకే తొలిపించుకోవాలి. బొటనవేలు వదులైతే ఎంత ఖరీదైన బంతైనా అదుపు తప్పుతుంది. వారానికోసారి సరదాగా ఆడేవాళ్లకు కొలత కుదిరిన ప్లాస్టిక్ బంతి చాలు. హుక్ నేర్చుకోవాలంటే మధ్యరకం రియాక్టివ్ ఒకటి తీసుకుని, అది ఏ నూనె మీద ఎక్కడ తిరుగుతోందో కొన్నాళ్లు గమనించండి. రెండో బంతి ఎలాంటిది కావాలో అప్పుడు అంగడివాడికి మీరే చెప్పగలరు.