గట్టెక్కిన గిటారు గొంతు!

తెలుగువాళ్లకి పాటంటే సినిమా పాటే. హీరో స్టెప్పులేయాలి, బొమ్మ వంద రోజులాడాలి. అవేవీ లేకుండా ఓ బ్యాండు కట్టి పాడితే ఎవరు వింటారు? 1996లో రమణ గోగుల ఆ సాహసమే చేశారు. విశాఖపట్నానికి చెందిన ఈ సాఫ్ట్‌వేర్ నిపుణుడు ‘మిస్టీ రిథమ్స్’ బృందంతో ‘ఆయె లైలా’ అనే పాప్ ఆల్బమ్ తెచ్చారు.

అలీషా చినాయ్ ‘మేడిన్ ఇండియా’ (1995), లక్కీ అలీ ‘సునో’ (1996) మోగిపోతున్న రోజులవి. హిందీ పాప్‌కి టీవీ ఛానళ్ల అండ ఉంది. తెలుగులో పొద్దస్తమానం పాటలేసే ఛానలే లేదు. పాప్ బతకాలంటే సినిమా ఇంట్లో అద్దెకు దిగాల్సిందే!

అలాగే దిగింది. 1998లో వెంకటేష్ ‘ప్రేమంటే ఇదేరా’తో గోగుల సంగీత దర్శకుడయ్యారు. మరుసటేడు ‘తమ్ముడు’. గిటారు మోత, గొంతులో జీర, మధ్యమధ్యలో ఇంగ్లీషు పాట... తుని, పిఠాపురం కుర్రాళ్లకి అర్థం సగమే తెలిసినా క్యాసెట్టు అరిగేదాకా విన్నారు. తెలుగుని విరిచి పలుకుతాడని పెద్దలు విసుక్కున్నారు. ఆ విరుపే పిల్లలకి నచ్చింది. 2000లో ‘బద్రి’, ‘యువరాజు’ వచ్చాయి.

పాట మిగిలింది

అసలు పరీక్ష 2003లో ఎదురైంది. పవన్‌కల్యాణ్ స్వయంగా దర్శకత్వం వహించిన ‘జానీ’ ఆడలేదు. బొమ్మ పోతే పాటా పోవడం మన దగ్గర మామూలే. ‘జానీ’ పాటలు మాత్రం పోలేదు. సినిమాని మర్చిపోయినవాళ్లు కూడా వాటిని దాచుకున్నారు. 2006లో ‘లక్ష్మి’, తుని పొరుగూరి పేరే హీరోకి పెట్టిన ‘అన్నవరం’, 2007లో ‘యోగి’... ఆ తర్వాత సినిమాలు తగ్గాయి. 2013లో తేజ తీసిన ‘వెయ్యి అబద్ధాలు’ తర్వాత ఆ గొంతు దాదాపు వినిపించలేదు. అభిమానులు పాత పాటలతోనే సరిపెట్టుకున్నారు.

2024 డిసెంబరులో ‘గోదారి గట్టు మీద’ వచ్చింది. బాణీ భీమ్స్ సిసిరోలియోది, మాటలు భాస్కరభట్లవి, జతగా పాడింది మధుప్రియ. 2025 సంక్రాంతికి విడుదలైన ‘సంక్రాంతికి వస్తున్నాం’లో ఆ పాటకి ఆడిందెవరు? మళ్లీ వెంకటేషే! గిటారుతో మొదలైన గొంతు గోదావరి జానపదపు వరసతో తిరిగొచ్చింది. 1998 నాటికి పుట్టని పిల్లలు కూడా ఆ పాటని ఫోన్లో తిప్పితిప్పి విన్నారు.

ఇప్పుడు యూట్యూబ్ ఉంది. పాట జనంలోకి వెళ్లడానికి ఏ ఛానల్నీ బతిమాలక్కర్లేదు. అయినా గోగుల గొంతు మళ్లీ ఇంటింటికీ చేరడానికి ఓ సినిమానే కావాల్సొచ్చింది. తెలుగు బ్యాండు సొంత కాళ్ల మీద నిలబడాలంటే కావాల్సింది ఇంకో రమణ గోగుల మాత్రమే కాదు. హీరో లేని పాటని కూడా చెవొగ్గి వినే మనమూ కావాలి.