దిబ్బ మీదికి జేసీబీ రాకముందే

అపోహ: పాటిమన్ను ఎరువే కదా, నాలుగు ట్రాక్టర్లు తోలుకుంటే పోయేదేముంది?

వాస్తవం: పాటిదిబ్బ ఒకప్పటి ఊరు. పొయ్యిల బూడిద, పశువుల పేడ, కూలిన గోడల మట్టి తరతరాలుగా పొరలు కట్టిన చోటు. ఆ మన్నుకు అంత బలం అందుకే. ఒక నలుపు-ఎరుపు కుండపెంకు ఏ పొరలో ఉందో, దాని పక్కన ఏ నాణెం దొరికిందో చూసి ఊరి కాలం నిర్ణయిస్తారు. ట్రాక్టర్లో పడ్డాక ఆ పెంకు చెప్పగలిగేది చాలా తక్కువ. దాన్ని ఏరి తెచ్చి మ్యూజియంలో పెట్టినా పోయిన సాక్ష్యం తిరిగిరాదు.

అపోహ: పాత దిబ్బలను పాడుచేసేది నిధుల దొంగలే.

వాస్తవం: అభివృద్ధి పనులు చేసిన నష్టమూ తక్కువేం కాదు. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు ఇటుకల కోసం, రాళ్ల కోసం అక్కడి బౌద్ధ స్తూపం దిబ్బను తవ్వారు. 1797లో దాన్ని చూసిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమి భాగాన్ని చెరువు కోసం తవ్వేశారు. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్డు పనికి, రాళ్లు కాలువ పనికి పోయాయి. అంత జరిగాక కూడా 1892లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ తవ్వితే శాసనాలున్న ధాతు కరండాలు (అవశేషాల పేటికలు) బయటపడ్డాయి. ఆ పనులు ఇంకాస్త లోతుకు వెళ్లి ఉంటే అవీ మనకు మిగిలేవి కావు.

అపోహ: పురావస్తు శాఖ బోర్డు లేకపోతే అది మామూలు స్థలమే.

వాస్తవం: దేశం మొత్తం మీద కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలు, స్థలాలు సుమారు 3,700. రాష్ట్రాల జాబితాలు వేరు. ఏ జాబితాకూ ఎక్కని దిబ్బలూ, రాకాసి గుళ్లూ (బండరాళ్లతో కట్టిన పురాతన సమాధులు) ఎన్నో. వాటి బాగోగులు లేఅవుట్‌కు, గ్రావెల్ తవ్వకానికి అనుమతిచ్చే చోటే తేలిపోతాయి. ఇంగ్లండ్‌లో 1990 నుంచి స్థానిక ప్రణాళికా సంస్థలు అనుమతికి ముందే నేలలో ఏముందో బిల్డరు ఖర్చుతో పరిశీలింపజేస్తున్నాయి. మన మాస్టర్ ప్లాన్లలోనూ పాటిదిబ్బను సర్వే నంబరుతో గుర్తించి తీరాలని నా గట్టి అభిప్రాయం.

అపోహ: రక్షిత కట్టడం దగ్గర ఇల్లుంటే సున్నం కూడా వేయనివ్వరు.

వాస్తవం: పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం. పాత ఇళ్ల మరమ్మతుకు అనుమతి అడగవచ్చు. ఆపై 200 మీటర్లలో అనుమతితో కొత్తగానూ కట్టుకోవచ్చు.

అపోహ: నిధి దొరికిందని చెబితే చేతికేమీ రాదు.

వాస్తవం: 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయలకు మించిన విలువైనది నేలలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. పాత సొంతదారు ఎవరూ తేలకపోతే దొరికినవారికీ, భూమి యజమానికీ వాటా ఉంటుంది. ప్రభుత్వం తీసుకుంటే సొమ్ము చెల్లించాలి. దాచిపెట్టినవారికి మాత్రం ఆ వాటా పోతుంది, జైలుశిక్షా పడొచ్చు.